కోశాధికారి లెక్క

నేను కోశాధికారిని.
కోశం లేదు. ఒక పొడుగు పుస్తకం ఉంది,
అట్ట మీద చింతపిక్కంత కిరసనాయిలు మరక.

కొండపి దాటాక ఎడం చేతి వైపు
మాలకొండయ్య గారి పొగాకు బ్యారన్ మా థియేటర్.
ఆకు కాల్చే నెలల్లో నాటకం లేదు.
నిప్పు ఆరి, గొట్టాలు చల్లబడి,
కర్రలన్నీ దించేశాక మొదలు.
గోడల్లో ఘాటు మాత్రం ఎక్కడికి పోతుంది?
ముందు వరసలో తుమ్ము, వెనక దగ్గు,
అదే మన సంగీతం అన్నాడు నూకతోటి ఏసోబు.
రాసేదీ ఆడించేదీ ఆడేదీ అతనే.

మొదటి ఏడు:
పెట్రోమాక్స్ అద్దె ఆరు రూపాయలు,
మాంటిల్ రూపాయిన్నర, టీ అప్పు.
జనం పదిహేడు మంది.
"పెట్టె యాడయ్యా? పద్యం ఎప్పుడు?"
ఒక ముసలాయన అర్ధరాత్రి దాకా కూర్చున్నాడు.
పద్యం రాలేదు.
పోతూ పోతూ తనే ఒకటి ఎత్తుకుని
రాగం తెగకుండా చేలగట్టు దిగిపోయాడు.
మర్నాటి నుంచి ఏసోబు ఆ పద్యాన్ని
నాటకంలో ఉంచేశాడు, మనిషితో సహా.
పద్దు: ముసలాయనకి బీడీలు, నలభై పైసలు.

మూడో ఏడు గ్రేడింగ్ నుంచి దీనమ్మ వచ్చింది.
మాట లేకుండా ఇరవై నిమిషాలు
లేని ఆకుల్ని గాలిలో వేరు చేసింది.
ఒంగోలు లెక్చరర్ గారు దానికేదో పెద్ద పేరు పెట్టారు.
వెనక నుంచి ఆడవాళ్లు కేకేశారు:
"అది రెండో రకం కాదు మేయ్, మూడోది!"

వేలం నాటకంలో ఏసోబు
గోనెపట్టా చుట్టుకుని బేలు అయ్యాడు.
జనం పాట పాడాలి.
ఎవరూ పాడలేదు. పెట్రోమాక్స్ బుస ఒక్కటే.
ఆ ఏడు నిజం బేళ్లు
నో బిడ్ చీటీలతో ఇళ్లకి తిరిగొచ్చి ఉన్నాయి.
మాలకొండయ్య గారు లేచారు.
బ్యారన్ ఆయనదే, బ్యాంకు అప్పూ ఆయనదే.
"ఈడ్ని ఇంటికి తీసుకుపోతా" అన్నారు,
ధర చెప్పలేదు.
గోనె కదిలింది, లోపల ఏడ్చాడో నవ్వాడో.
రాసుకున్న ముగింపు ఉంది,
ఆ రాత్రి ఎవరం దాని జోలికి పోలేదు.
పద్దు: ఏమీ లేదు. తేదీ ఒక్కటే వేశాను.

తర్వాత పేజీలు పల్చన.
ఏసోబుకి మార్కాపురంలో బడి ఉద్యోగం.
దీనమ్మకి దగ్గు, నాటకంలోది కాదు.
బ్యారన్ ఇటుకలు వెయ్యికింత అని అమ్ముడుపోయాయి.

ఖాజావలి టీ బాకీ పదకొండు రూపాయలు
ఇంకా అట్నే ఉంది.
మొన్న టంగుటూరు స్టాండులో కనిపిస్తే ఇవ్వబోయాను.
"ఇప్పుడియ్యబాకు," అన్నాడు,
చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని,
"ఈ ఏడు ఎప్పుడు? ఎన్ని టీలు పంపాల?"

పదిహేడు అన్నాను.