అర స్వరం తక్కువ

కల్లవెసి సరస్సులో నీళ్లు పన్నెండు డిగ్రీలు.
ముందు మొహం ఒప్పుకోదు,
తర్వాత పళ్లు,
చిట్టచివరికి వేళ్లు.
నాకు తిండి పెట్టేవి అవే.
"కొంకర్లు పోతే పియానోల గతేంటి?" అంటాడు
పడవలోంచి ఉర్హో,
ముప్పై ఏళ్లు ఫెర్రీ నడిపినవాడు.
నా పక్కనే తెడ్డు వేస్తూ
నా కోసం తెచ్చిన కాఫీ తనే తాగేస్తూ.

నలభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు ఈత రాదు.
సరస్సు ఒడ్డునే పుట్టాను.
ఎవరైనా పిలిస్తే
చెవుల్లో నీళ్లు పోకూడదు, వృత్తి అలాంటిది, అనేదాన్ని.
ఉత్త భయం.
ఇప్పుడు నలభై తొమ్మిది.
ఆగస్టులో దాదాపు నాలుగు కిలోమీటర్లు ఈదాలి,
ఒళ్లు ఆరకముందే నూట ఎనభై సైకిలు,
దిగి, ఇంకా కాళ్లుంటే, నలభై రెండు పరుగు.

"గెలుస్తారా?" అంటారు ఇళ్లవాళ్లు.
నేను పియానో మూత ఎత్తి
తీగల మధ్య ఫెల్టు పట్టీ దూరుస్తూ
"లైట్లు ఆర్పకముందు వస్తే చాలు" అంటాను.
వాళ్లు జాలిగా ఇంకో బిస్కెట్టు పెడతారు.
తింటాను. ఈ మధ్య ఏది పెట్టినా తింటాను.

ఫ్రిజ్ మీద కాగితం.
మంగళవారం గడిలో రెండు వేల మీటర్లు.
గురువారం పుయో కొండ, ఎక్కి దిగడం, ఆరుసార్లు.
ఆదివారం గడిలో పెన్సిలుతో ఔలిస్ రాశాడు:
"ఒకసారి కలుద్దామా? నీ భర్త."

పని నన్ను వదలదు.
గొలుసుకి నూనె ఆరితే ముందు నా పళ్లకి తెలుస్తుంది.
పరుగులో ఎడమ పాదం
కుడిదానికన్నా బరువుగా పడుతుంది,
టప్, టక్, టప్, టక్.
ఇంకొకరి కాలైతే విననట్టు ఊరుకుందును.

జూలైలో ఒక ఆదివారం
నూట ముప్పై ఏడో కిలోమీటరు దగ్గర
కాళ్లు ఖాళీ అయిపోయాయి.
ఎదురుగాలి, రై చేలు, కడుపులో తిప్పుతున్న తీపి జెల్,
ఒక యువజన సంఘం హాలు, రంగు ఊడిన మెట్లు.
సైకిల్ని గడ్డిలో పారేసి కూర్చున్నాను.
ఏడుపు కూడా రాలేదు, దానికీ ఓపిక కావాలి.

తెరిచిన కిటికీలోంచి ఎవరో వాల్ట్జ్ వాయిస్తున్నారు.
ఒకే చోట తప్పడం,
మళ్లీ మొదటికి రావడం.
చలికాలమంతా వేడి లేని గదిలో ఉన్న పియానో:
అర స్వరం కిందికి జారింది.
కానీ జారడంలో కూడా అన్నీ కలిసే జారాయి,
ఒక్క తీగ తప్ప.

కిటికీలోంచి తల బయటికొచ్చింది. పదేళ్లుంటాయి.
"బాగానే ఉన్నావా?"
"లేను."
కాసేపు ఆలోచించి
ఊరిన దోసకాయల సీసా తెచ్చింది.
దోసకాయ కాదు, ఆ ఉప్పునీళ్లు తాగాను,
గడ్డం మీంచి కారుతుంటే, సిగ్గు లేకుండా.
"ఇది పాడైపోయిందంటారు మా మామయ్య" అంది
గది లోపలికి చూపిస్తూ.
నా నోటి చివర ఉంది మొత్తం జాబితా:
తేమ, పిన్నులు, సుత్తుల మీద అరిగిన ఉన్ని,
ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పేదే.
"తనతో తనకి సరిపోయింది," అన్నాను,
"నువ్వు వాయించు."

మిగిలిన నలభై మూడూ తొక్కాను.
వేగంగా కాదు. ఒక ట్రాక్టరు నన్ను దాటింది,
ఆ రైతు టోపీ ఎత్తాడు కూడా.

రాత్రి పదకొండు, ఇంకా వెలుతురే.
కాళ్లు గోడకి ఆనించి పడుకుని
ఆ పియానో గురించి ఆలోచించాను.
ఆ వయసులో మొత్తాన్ని పైకి లాగకూడదు, తీగలు తెగుతాయి.
ఆ ఒక్కదాన్నీ
మిగతావాటి దగ్గరికి దించాలి, అంతే.

లేచి, కుంటుతూ వెళ్లి
వచ్చే ఆదివారం గడిలో రాశాను:
నూట ముప్పై ఏడు. సాధనాల సంచీ.

పొద్దున చూస్తే కింద పెన్సిలు:
"సంచీ నేను కారులో తెస్తా.
దోసకాయలు కూడా.
నువ్వు ఎన్ని గంటలకి వస్తావో అడగను."