మైకుసెట్టు వాడి రెండు మాటలు

ముప్ఫయ్యేళ్ళుగా పెళ్ళిళ్ళలో నా మాట ఒక్కటే.
"హలో, మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు."
నాలుగు నుంచి పెద్దలది.

యాంప్లిఫయరు వెనక ముక్కాలిపీట మీద కూచుని
ఎన్ని విన్నానో.
"సమయాభావం వల్ల క్లుప్తంగా" అని మొదలెట్టి
సొసైటీ ఎలక్షన్లో తానెలా గెలిచాడో
గంటసేపు చెప్పినాయన,
పెళ్ళికొడుకు పేరు మర్చిపోయి
"ఈ అబ్బాయి, ఈ అబ్బాయి" అని లాక్కొచ్చినాయన.
పాలూ నీళ్ళలా కలిసిపోవాలన్నవాళ్ళకి లెక్కలేదు,
మా పాలవాడు వినుంటే మురిసిపోయును.
అటుపక్క వంటాయన డేగిశా మూత తీసి,
మళ్ళీ పెట్టి, నావైపు చూసేవాడు.
వాల్యూము కొంచెం కొంచెంగా తగ్గించడం
అన్నం చల్లారకుండా నేను చేసిన సేవ.

బాగా మాట్లాడింది ఒక్కతే గుర్తు.
మానేపల్లిలో, కొబ్బరిపీచు పనికెళ్ళే పేరంటాలమ్మ
మైకుని చంటిపిల్లలా రెండు చేతుల్తో పట్టుకుని
"మనవరాలా, ఈడికి ఆకలేత్తే కోపం వత్తది.
అది కోపం కాదు, ఆకలి. అంతేనే"
అని నా చేతికి ఇచ్చేసింది.
ఆ రాత్రి ఇంటికెళ్ళి, అన్నం తిన్నాక,
మా ఆవిడకి సారీ చెప్పాను.

ఇప్పుడు మా సత్తిపండు పెళ్ళి.
పదో తరగతి తప్పిన వేసవి నుంచి
నా బాక్సులు మోసినవాడు. తండ్రి లేడు.
"గురూగారూ, రెండు మాటలు మీరే చెప్పాలండి, ఆయ్."
రెండు మాటలకి నాలుగు రాత్రులు పట్టింది.
ఎరువుల కొట్టు బిల్లు వెనక రాసుకున్నాను.
ఊడిమూడి రేవులో హారన్లు పడవెక్కిస్తుంటే
కాయితం జేబులోనే నానిపోయింది.
వశిష్ఠమ్మ చదువుకునుంటుంది.

లంకలో పందిరి. మట్టల సందుల్లోంచి ఏటిగాలి.
మైకు అందుకున్నాను.
ఊరందరి చేతికీ ఇచ్చిన మైకే,
ఇంత బరువని ఎప్పుడూ అనుకోలేదు.
నోరు తెరిచానో లేదో
కీ...య్‌మని ఈల.
పిల్లలు చెవులు మూసుకున్నారు.
పట్టుపంచెతో పెళ్ళికొడుకు లేచి
అలవాటుగా యాంప్లిఫయరు దగ్గరికి పరిగెత్తబోయాడు.
కొంగుముడి లాగింది.

"కూచోరా" అన్నాను.
అదీ నా మొదటిమాట.

"ఈల ఎందుకేస్తదో ఈడికి తెలుసు,
అమ్మాయికి చెబుతున్నాను.
మైకు పాడవలేదమ్మా, బాక్సూ పాడవలేదు.
రెండూ మరీ ఎదురెదురుగా నిలబడితే
బాక్సు అన్నది మైకు వింటది,
మైకు విన్నది బాక్సు మళ్ళీ అంటది.
అన్నదే అని, విన్నదే విని,
ఆఖరికి మాట పోయి అరుపు మిగుల్తది.
అప్పుడు గొంతు పెంచకూడదు.
తీగ పీకేయకూడదు.
ఒక్కడుగు పక్కకి జరగాలి.
ఎవరు జరగాలంటారా,
ముందు ఎవరి చెవి నొప్పెడితే వాళ్ళు."

చెబుతూ చెబుతూ నేనే జరిగాను.
ఈల ఆగింది.
చప్పట్లు రాలేదు. ఎవరో ముసలాయన
"ఊఁ" అన్నాడు.
వంటాయన మూత తీశాడు, మళ్ళీ పెట్టలేదు.

కాళ్ళకి దణ్ణం పెట్టి లేస్తూ పెళ్ళికూతురు అంది:
"బాబయ్యగారూ, అమ్మాయి అమ్మాయి అన్నారు గానీ
నా పేరు చెప్పలేదండి."
ఆయ్, నిజమే.
ముప్ఫయ్యేళ్ళు పీట మీద కూచుని
ఎవరెవరి మీదో నవ్వుకున్నవాణ్ణి.

అర్ధరాత్రి దాటింది.
పడవ వచ్చేదాకా ఒడ్డున కూచుని తీగ చుడుతున్నాను.
ఇవాళ్టికి నా తీగ నేనే చుట్టుకోవాలి.
వైరు పీకేసిన మైకు నోటిదగ్గర పెట్టుకుని
చీకట్లో ఏటివైపు తిరిగి అన్నాను.
"హలో.
లోవకుమారి. సత్తిపండు.
ఒకటి, రెండు."
మూడు అనబోయి,
తొందరేముందిలే అని ఊరుకున్నాను.