చొక్కా అంచు

చకావో జలసంధి మీద రోజుకి పదహారుసార్లు
ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు
లారీల్ని మోసే బల్లకట్టులో నా ఉద్యోగం.
చక్రాల కింద కొయ్యముక్కలు పెట్టడం,
తీయడం.
జేబులో ఒక ఫోను. అక్క వాడి వదిలేసింది,
ఒక మూల బీటవారింది,
నాలుగు ఫొటోలు ఎక్కువైతే
చోటు లేదని మొరాయిస్తుంది.

అగ్నిపర్వతాన్ని తీశాను. అన్నం మెతుకంత వచ్చింది.
పెలికాన్‌ని తీశాను. అది వెళ్ళిపోయాక వచ్చింది.
సూర్యాస్తమయాలు, అరవై మూడు,
అన్నీ ఒకే నారింజపండు.

"మంచి కెమెరా ఉంటేనా..." అన్నాను
టికెట్ల గదిలో దోన్ ఎవరిస్తోతో.
నలభై ఏళ్ళు అంకూద్‌లో గుర్తింపు కార్డులకి ఫొటోలు తీసినవాడు.
ఒక స్టూలు, ఒక తెల్ల దుప్పటి,
మా వైపు ఎండ ఉత్తరాన తిరుగుతుంది కనక
దక్షిణాన ఒక కిటికీ,
అదీ ఆయన స్టూడియో.

మాట్లాడకుండా నా ఫోను వెనక్కి తిప్పి
కందిగింజంత అద్దాన్ని చూపించాడు.
వేలిముద్ర, చేపనూనె, ఉప్పు.
చొక్కా అంచుతో తుడిచి చేతిలో పెట్టాడు.
"ఇన్నాళ్ళూ నీ బొటనవేలినే తీస్తున్నావు, యస్నా."

మర్నాడు వాన.
చిలోయేలో వాన పడనిదెప్పుడు,
ఫోను జేబులోంచి తీయలేదు.
"ఎండ లేదని మూతి ముడుస్తావేం,
మబ్బంత దుప్పటి కొందామంటే
నా జీతం ఏనాడూ చాల్లేదు."

ఇంకోసారి:
"రెండువేళ్ళతో సాగదీసి దగ్గరికి లాగకు.
కాళ్ళున్నాయిగా, నడు."
నడిచాను,
ఆపిల్ సంచుల మీద కూర్చున్న ముసలావిడ దాకా.
అంత దగ్గరికి వెళ్ళాక అడగక తప్పలేదు.
అడిగితే పేరు చెప్పింది, ఎదెల్మీరా.
ఒక ఆపిల్ ఇచ్చింది. ఫొటో వద్దంది.
ఆ రోజు మొత్తానికి నాకు దొరికింది ఆ ఆపిలే,
పుల్లది.

చలికాలం వచ్చేసరికి, నిజం చెప్పాలంటే,
తీయడం తగ్గిపోయింది.
ఏ ట్రిప్పుకి ఏ లారీల సందులోంచి
వెలుతురు ఎటు వాలుతుందో
ఆటుపోట్ల పట్టీలా నోటికొచ్చేసింది.
గొర్రెల బండి చెక్కల మధ్య ఒక కన్ను.
ఎవరో మరిచిపోయిన ఎర్ర చేతితొడుగు,
దాని వెనక బకెట్టు ఉంటే
నేనే రెండడుగులు పక్కకి జరిగి.

ఆఖరి ట్రిప్పు.
నాతోపాటు కొయ్యముక్కలు పెట్టే నిబాల్దో
లైఫ్ జాకెట్ల పెట్టె మీద కూర్చునే నిద్రపోయాడు.
డెక్కంతా తడి.
పాల లారీవాడు ఎందుకో లైట్లు వేశాడు.
వెలుగు నీళ్ళ మీద పడి, కిందినుంచి లేచి
నిబాల్దో గడ్డాన్ని పట్టుకుంది,
పెదవి పగుళ్ళని, కనుబొమ మీది పాత గాటుని.

మోకాళ్ళ మీద కూలబడ్డాను. ప్యాంటులోకి నీళ్ళు దిగాయి.
చెయ్యి వణక్కుండా మోచేతులు తాడుచుట్టకి ఆనించాను.
నొక్కాను.
చోటు లేదంది ఫోను.

లారీవాడి చెయ్యి స్విచ్చు వైపు వెళ్తోంది.
అరవై మూడు సూర్యాస్తమయాల్నీ
ఒక్క దెబ్బకి చెరిపేశాను.
ఊపిరి బిగబట్టి మళ్ళీ నొక్కాను.
ఒక్కటి పడింది. తర్వాత చీకటి.

నిబాల్దో చూసి, "కళ్ళు మూసుకున్నానే,
లైసెన్సుకి పనికిరాదు" అన్నాడు.
దోన్ ఎవరిస్తో చాలాసేపు చూశాడు.
చొక్కా అంచు పైకి లాగాడు,
ఈసారి తన కళ్ళజోడు కోసం.
"సముద్రం గీత ఒరిగింది."
"పడవ ఒరిగింది," అన్నాను.
"ఆఁ," అన్నాడు, "పడవలు ఒరుగుతాయి."

అవతలి ఒడ్డు తగిలింది.
కొయ్యముక్కలు తీయడానికి వెళ్ళాను.