కనిపించినంత మేరకు

నా సంచిలో తేమ మీటరు, దుర్భిణి,
మూడు మడతల నిచ్చెన,
ఒక గాజు గోలీ.
గోలీ సంగతి ఆఫీసు నియమావళిలో లేదు.
గది మధ్యలో వదిలితే
నేల ఎటు ఒరిగిందో అదే చెబుతుంది,
ఫీజు అడగదు.

హాలిఫాక్స్ కొండవాలు మీద
భుజం భుజం ఆనించుకుని నిలబడ్డ రాతి ఇళ్ల వరసలో
పదిహేడో నంబరు.
నేను బూట్లు తుడుచుకునేలోపే
మిసెస్ బారాక్లఫ్ కెటిల్ పెట్టేసింది.

"మొన్న ఒకతను వచ్చాడుగా,
కారు ఇంజనైనా ఆపకుండా చూసిపోయాడు?"
అతను బ్యాంకు తరఫు మనిషండీ.
ఇల్లు ఎలా ఉందన్నది ఆయనకు పట్టదు,
అప్పు మునిగితే ఎంతకు అమ్ముడవుతుందన్నదే లెక్క.
దానికి డబ్బు కట్టింది కొనేవాళ్లే,
ఆ కాగితం మాత్రం వాళ్లకోసం కాదు.

నన్ను పిలిచింది టమ్సిన్, ఇవాన్.
ఆమె రాత్రి డ్యూటీ నర్సు, అతను బస్సు నడుపుతాడు.
మూడు రకాల సర్వేల్లో నడిమిది కోరుకున్నారు.
మొదటిది పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు చూపించి ఊరుకుంటుంది,
నిన్నా మొన్నా కట్టిన ఇళ్లకైతే చాలు.
మూడోది పోస్టుమార్టం,
ఇల్లు బతికుండగానే.
నూట ముప్పై ఏళ్ల ఇంటికి అదే చేయించుకోండని
ఫోన్లో చెప్పాను.
టమ్సిన్ కాసేపు మాట్లాడలేదు.
"తేడా నాలుగు వందల పౌండ్లు.
అది మా పరుపు" అంది.

కాబట్టి నడిమి సర్వే.
నేను తివాచీ ఎత్తను. బీరువా జరపను.
పలక ఊడదీసి లోపలికి తొంగిచూడను.
రిపోర్టులో ప్రతి పేజీలోనూ
నన్ను కాపాడే మాట ఒకటుంటుంది:
కనిపించినంత మేరకు.

వంటింట్లో పొయ్యి గోడ లేదు,
పై గదిలో ఉంది.
కింద కాళ్లు లేని మనిషి పైన కూర్చున్నట్టు.
అటక మూత తోసి టార్చి వేశాను.
ఒక టన్ను ఇటుకల చిమ్నీ
రెండు చెక్కముక్కల మీద ఊపిరి బిగబట్టుకుని ఉంది.
చెక్క మీద పెన్సిలు రాత:
క్లిఫ్, 1987. ఇప్పటికిది చాలు.

నిచ్చెన దిగేసరికి ఆమె కిందే నిలబడి ఉంది.
"చదివావా?"
చదివానన్నాను.
"ఆదివారం మధ్యాహ్నం ఒక్కడే పగలగొట్టాడు.
సోమవారానికి నా కొత్త ఫ్రిజ్ అక్కడ పట్టింది.
ఏ రంగు వేస్తావు?"
ఎరుపండీ.
ఆమె చేతిలోని టీ నాకివ్వడం మరిచిపోయి తనే తాగింది.

ముందు గదిలో గోలీ వదిలాను.
అది కిటికీ వైపు నిదానంగా బయల్దేరి,
మనసు మార్చుకుని
బీరువా కిందికి పోయింది.
బీరువా నేను జరపను కదా.
ఇద్దరం నవ్వాం, వేర్వేరు కారణాలకు.

బయల్దేరబోతుంటే పిలిచింది.
"నువ్వు ఎత్తకూడదు. నేను ఎత్తొచ్చుగా?"
మోకాలు పట్టుకుని వంగి
కిటికీ కింద తివాచీ మూల
పర్రుమని లాగింది.
పలకలు నల్లగా,
వేలు పెడితే కేకులా దిగబడ్డాయి.
"పైపు పగిలిన చలికాలానిది.
డెబ్బై తొమ్మిదిలో మేం కొన్నప్పుడు ఏ సర్వే లేదు,
క్లిఫ్ గోడ మీద వేలితో తట్టి, బాగుంది అన్నాడు.
ఆ పిల్ల నర్సు కదూ?
రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇక్కడే కాలు పెడుతుంది."

ఆ రాత్రి రిపోర్టులో
నేల అన్నచోట ఎరుపు వేసి
అలవాటుగా కనిపించినంత మేరకు అని టైపు చేసి
కొట్టేశాను.
'యజమాని స్వయంగా చూపించారు' అని రాశాను.
ఆ మాటకు మా ఫారంలో గడి లేదు,
పక్క ఖాళీలో ఇరికించాను.

ధర ఎంత తగ్గిందో, అమ్మకం జరిగిందో లేదో
నాకెవరూ చెప్పలేదు.
మూడు వారాలకు ఆఫీసుకో కవరు వచ్చింది.
లోపల గోలీ, దుమ్ము తుడిచి.
వెంట చిన్న చీటీ:

బీరువా జరిపాను.
వెనక గోడ పొడిగానే ఉంది.
అదీ రాసుకో.