రెండు పట్టీలు తీసేసి

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
పొద్దున్నే సుత్తి దెబ్బ వినపడకపోతే
ఎవరో పోయారని లెక్క.
నేను మాత్రం చప్పుడు చెయ్యనిదాన్ని
కొనుక్కోవడానికి వచ్చాను.

ముప్పై తేనెపెట్టెలు. ఒక పాత జీపు.
దాని వెనక తగిలించే బండిని
గొల్లపూడిలో మా వాకిట్లోనే వెల్డింగు చేయించాను.
చట్రం అయింది. పచ్చరంగు సగం అయింది.
చక్రానికీ చట్రానికీ మధ్య ఏముండాలన్నది
ఒక్కటే తేలలేదు.

"ఏమీ అక్కర్లేదొదినా, ఇరుసు తిన్నగా అతికించెయ్"
అన్నాడు మా మరిది శౌరి.
కిందటి మాఘంలో అద్దెబండి అలాంటిదే.
ఏటుకూరు దాటాక గుంటలో ఒక్క ఎగురు.
కొత్త పట్టు ఫ్రేములోంచి ఊడి పడింది,
రాణి ఈగ దాని కింద.
తెల్లారి మూత తీస్తే
పెళ్ళి ఆగిపోయిన ఇంట్లో చుట్టాల్లాగా
పెట్టెంతా అటూ ఇటూ.

అద్దాల కొట్టు కుర్రాడు రబ్బరు ఇరుసు చూపించాడు.
"కమాను లేదు, గ్రీజు లేదు మేడమ్,
అంతా లోపలే. బయటికేం కనపడదు."
నాకు భయం అక్కడే.
ప్రత్తిపాడు నల్లరేగట్లో, ధనియాల పూత మధ్య,
రాత్రి రెండింటికి అది లోపల్లోపలే చచ్చిపోతే
నాకు చెప్పేదెవరు?

తుక్కు కొట్లో ఒక లారీ కమాన్ కట్ట.
తొమ్మిది పట్టీలు, ఒకదాని కింద ఒకటి
పెద్ద కుటుంబం ఫొటోకి నిలబడ్డట్టు.
"ఏనుగునైనా మోస్తుంది" అన్నాడు కొట్టువాడు.
ఏనుగు లేదన్నాను. అయినా కొన్నాను.

ఖాసింవలి కమ్మరికొట్టుకి బోర్డు లేదు,
గోడకి చేరగిలబడ్డ విరిగిన కమాన్లే బోర్డు.
"ఎంత బరువమ్మా?"
"పోయేటప్పుడు ఆరొందల కిలోలు.
వచ్చేటప్పుడు తొమ్మిదొందలు, పూత బాగుంటే."
"బాగుండకపోతే?"
ఆటోనగర్ మొత్తంలో ఆ మాట అడిగింది అతనొక్కడే.

కట్టని కాలితో తొక్కి చూశాడు.
"నీ బరువు దీనిమీద ఈగ వాలినట్టమ్మా.
వంగదు. వంగనప్పుడు ఇనుపముక్కే గాని కమానెట్టా అవుద్ది?
రెండు పట్టీలు తీసేద్దాం."
నడిమి బోల్టు విప్పగానే
చొక్కా గుండీ ఊడినట్టు విచ్చుకుంది కట్ట.
బలం తగ్గించినందుకు కూలి
రెండొందల ఎనభై రూపాయలు.
బేరం కూడా ఆడాను.

యూ బోల్టులు కొత్తవి. "పాతవాటికి మెడ సాగిపోయి ఉంటది."
బేరింగులు కొత్తవి.
చక్రాలు మారుతీ వ్యానువి, పాతవే,
జీపు స్టెపినీ వాటికి పట్టదు గనక
ఇంకోటి విడిగా.
కొక్కెం ఊడినా బండి వదిలిపోకుండా
కత్తెర వేసి రెండు గొలుసులు.

పెట్టెల బదులు ఇసుక బస్తాలు ఎక్కించి
వాటి మధ్య నేను వెల్లకిలా పడుకున్నాను.
శౌరి నడిపాడు, ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని.
వారధి మీద అతుకు అతుకుకీ
చక్రం ఏదో గట్టిగా అంటోంది,
నా వీపు దాకా సగం మాటే వస్తోంది.
లైటు స్తంభాలు నా మీంచి ఒక్కొక్కటే దాటిపోయాయి.
కృష్ణలో నీళ్ళున్నాయో లేదో చూడనేలేదు.

బస్తాలు దింపేసి వస్తుంటే మాత్రం
వెనక ఒకటే గంతులు.
"ఖాళీ బండి ఎగురుద్ది, దానికి మందు లేదు,
టైర్లలో కాస్త గాలి తగ్గించు" అని
ఖాసింవలి చేతులు తుడుచుకుంటూ
బల్ల కింద నుంచి ఒకటి తీసి ఇచ్చాడు.
తీసేసిన పట్టీలో జానెడు ముక్క,
ఒక కొస పదును, రెండో కొస కొక్కెంలా వంపు.
"మూతలు జిగురుతో అతికించేస్తాయన్నావుగా నీ ఈగలు."
ఎప్పుడన్నానో గుర్తులేదు.

ఇంకా వెచ్చగా ఉంది.
పైటకొంగులో చుట్టుకుని జీపెక్కాను.
రేపు పొద్దు గూకాక
ముప్పై గుమ్మాలు మూయాలి.