ఖాళీ చీటీ

మినిట్స్ పుస్తకంలో ఆ రోజుకి నేను రాసింది ఒక్కటే వాక్యం:
"సిస్టర్ బోటిల్లా విషయం వాయిదా."
ముప్పై ఏళ్లయింది, ఇప్పుడు చెప్పొచ్చు.
ఏదీ వాయిదా పడలేదు.

క్రిస్టియాన్స్‌ఫెల్డ్‌లో అప్పట్లో
పెళ్లిళ్లు చెక్కగిన్నెలో జరిగేవి.
మూడు చీటీలు. అవును, కాదు, ఏమీ రాయనిది.
పెద్దలు మోకరించి ప్రార్థించి ఒకటి తీసేవారు.
అదే ప్రభువు మాట, దానిమీద అప్పీలు లేదు.
చీటీలు కత్తిరించేది మాత్రం నేను,
మొద్దుబారిన కత్తెరతో, కొవ్వొత్తి దగ్గర తుమ్ముకుంటూ.

ఆమె పెళ్లికాని సోదరీల ఇంట్లో నార వడికేది.
టోపీకి గులాబీరంగు రిబ్బను.
పెళ్లయితే నీలం, భర్త పోతే తెలుపు.
మా ఊళ్లో ఆడదాని కథంతా
గడ్డం కింద ముడిలోనే ఉండేది.
ఆమె ముడి ఎప్పుడూ వదులే.

లౌరిడ్స్ పింగాణీ పలకలతో పొయ్యిలు కట్టేవాడు.
మగవాళ్లు ఒక దారి, ఆడవాళ్లు ఒక దారి;
పలకరింపు కూడా తప్పే.
ఆ చలికాలం ఆమె పెద్ద సిస్టర్‌కి మూడుసార్లు ఫిర్యాదు పెట్టింది:
"పొగగొట్టం వంకర. కట్టినవాణ్ణే పంపండి."
మూడోసారి అతను నవ్వాపుకోబోయి
మసి మింగి దగ్గాడట.
పోయేముందు ఒక పలకని తిప్పి బిగించాడు,
బొమ్మ లోపలికి, నిప్పువైపుకి.
ఒక భరతపక్షి. మంటకి తప్ప కనపడదు.
ఆమెకెలా తెలిసిందంటారా?
వేసవిలో పొయ్యి చల్లారాక
భుజందాకా చెయ్యి దూర్చి తడిమింది.

తర్వాతి మార్చిలో
గ్రీన్‌లాండ్ వెళ్లే ఒక బ్రదర్‌కి భార్య కావాల్సొచ్చింది.
బోటిల్లా పేరుకి చీటీ "అవును" అంది.
తడిసిన చెక్కచెప్పులతో హాల్లోకి వచ్చి
ఆమె "కాదు" అంది.
కాదనే హక్కు నియమావళిలో ఉంది.
ఉందని నాకూ అప్పుడే గుర్తొచ్చింది.

"లౌరిడ్స్ గురించి అడగండి."
గొంతులు సర్దుకున్నారు.
"గిన్నె నాకివ్వండి, నేనే తీస్తాను."

తీసింది. ఖాళీది.

"ఆగమని ప్రభువు ఆజ్ఞ" అన్నాడు పెద్దాయన,
హమ్మయ్య అన్నట్టు.
ఆమె చీటీని కిటికీకేసి పట్టి
అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఆగమని ఎక్కడుంది?
మోషేకైతే రాతిపలకలమీద ఆయనే తన వేలితో రాశాడు.
నాకు ఖాళీ కాగితం ఇచ్చాడంటే
నన్ను రాసుకోమనే."

ఎవరూ కదల్లేదు.
నేను సిరాబుడ్డిని ఆమెవైపు జరిపాను.
బెత్తెడు దూరం.
తోటివాళ్లు గ్రీన్‌లాండ్‌కీ, సముద్రాల అవతలికీ పోయారు సువార్త మోసుకుని;
ఈ డెబ్బై ఏళ్లలో నేను చేసిన యాత్ర అంతే.

ఆమె రాసింది. మరక కూడా పడింది.
చీటీ నాకు వెనక్కిచ్చింది, ఫైలులో పెట్టుకోమన్నట్టు.

అలాంటివాళ్లని ఊరు ఉండనివ్వదు.
తెల్లారకముందే హాడర్స్‌లెవ్ దారిలో ఒక బండి పోయింది,
గులాబీరంగు రిబ్బనుతోనే.

సోదరీల ఇంట్లో ఆ పొయ్యికి ఇప్పటికీ ఒక పలక లేదు.
ఆ చోట ఇటుక కూరారు.
తూర్పుగాలి వీచిందంటే ఇల్లంతా పొగ.
కొత్తగా వచ్చిన అమ్మాయిలు కళ్లు తుడుచుకుంటూ
ఎవరు పీకారని అడుగుతారు.
ఫిర్యాదు మాత్రం ఎవరూ పెట్టరు.