సంచిలో పానా

ఫోన్లో ఆ అమ్మాయి గొంతు లిమా నుంచి వస్తోంది,
మెత్తగా, కాగితం చూసి చదువుతున్నట్టు.
"నెలిదా గారూ, సున్నా నుంచి పదిలోపు
మీ బాధ ఎంతని చెప్తారు?"

నవ్వొచ్చింది.
పంతొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్న నాది.
కాలు నలిగిన కలప కూలీని అడిగాను,
పురిటి నొప్పుల్లో మంచం ఊచ కొరుకుతున్న పిల్లనడిగాను.
వాళ్లు ఏ అంకె చెప్పినా
ఒకటి కలిపి రాసుకునేదాన్ని.
లేనివాళ్లు నొప్పిని కూడా తగ్గించే చెప్తారు.

"నాలుగు" అన్నాను.

ఇకిటోస్‌కి రోడ్డు లేదు.
ఏదైనా నది మీద రావాలి, లేదా గాలి మీద:
ఉల్లిపాయలు, సిమెంటు, పెళ్లికూతురి చెప్పులు.
ఆ మే నెలలో గాలి కూడా
గాలి మీదే రావలసొచ్చింది.
విమానం దిగేదాకా
సిలిండర్లని వేలితో తట్టి చూసేవాళ్లం,
చెవి ఆనించి, కొబ్బరికాయలో నీళ్లున్నాయో లేవో చూసినట్టు.

వాల్వు తిప్పడానికి పానా ఒకటి.
వార్డు మొత్తానికీ ఒక్కటే.
రాత్రి డ్యూటీలో నా జేబులో ఉండేది,
అడుగేస్తే తొడకి చల్లగా తగిలేది.

చెప్పేటప్పుడు ఇక్కడే ఆగిపోతుంటాను.
వాన గురించి మొదలుపెడతాను.
రేకుల మీద ఎంత గట్టిగా పడిందంటే
ఎవరు పిలుస్తున్నారో వినపడలేదని.
వాన పడింది, నిజమే.
కానీ వినపడింది.

పదకొండో మంచం లియోవిహిల్దో మురయారి.
పడవ మోటార్లు బాగుచేసేవాడు,
గోళ్ల కింద నూనె మరక సబ్బుకి పోనిది.
ఓ రాత్రి వాల్వు బిగుసుకుపోయి
నేను వేలాడుతూ లాగుతుంటే చూసి,
మాస్కులోంచి, మాటకో ఊపిరి ఖర్చు పెట్టి నేర్పాడు:
"బలం కాదమ్మా.
ముందు కాస్త వెనక్కి తిప్పు.
అప్పుడు దారికొస్తుంది."

మూడు రోజుల తర్వాత, తెల్లవారుజామున
పద్నాలుగో మంచంలో ఇరవై రెండేళ్ల పిల్ల.
మిగిలింది ఒక్క సిలిండరు, అతని పక్కనే.
డాక్టరు నా మొహం చూడకుండా
మంచం నంబరు మాత్రం చెప్పాడు.

ముందు కాస్త వెనక్కి తిప్పాను.
అప్పుడు దారికొచ్చింది.

ఆ పిల్ల బతికింది.
బెలెన్ బజార్లో కాముకాము రసం అమ్ముతుంది.
నన్ను చూస్తే డబ్బు తీసుకోదు,
గ్లాసు నిండుగా పోసి చేతిలో పెడుతుంది.
అందుకే నేను ఆ సందులోంచి వెళ్లను.

ఆ రోజుల్లో ఎనిమిదింటికి మా వీధంతా
కిటికీల్లో నిలబడి గిన్నెలు మోగించేవాళ్లు, మా కోసమని.
తొమ్మిదింటికి ఏ మోటోకారూ నన్ను ఎక్కించుకునేది కాదు.
రెండూ ఒకే మనుషులు.
కోపం లేదు. ఉండాలేమో, తెలీదు.

"నిద్ర పడుతోందా?"
పడుతోంది, పగలు.
రాత్రి నా కూతురి పొట్ట లేచి దిగడం లెక్కపెడతాను,
దానికి పదమూడేళ్లు, దుప్పటి కప్పుకుని తిడుతుంది.
"ఆకలి?"
ఉంది.
"ఏమైనా శబ్దాలు ఇబ్బంది పెడుతున్నాయా?"
మూల మీద పంక్చర్ షాపు, అన్నాను.
టైరులోంచి గాలి వదిలినప్పుడల్లా
కూరగాయల సంచితో సహా గోడకి అతుక్కుపోతానని
చెప్పలేదు.

ఇప్పుడు ఆక్సిజన్ గోడలోంచే వస్తోంది.
పానాతో ఎవరికీ పనిలేదు, ఎవరూ అడగలేదు.
నా సంచిలో ఉంది,
ఇంటి తాళాలకీ దువ్వెనకీ మధ్య.
ఎందుకమ్మా అని కూతురడిగితే
సైకిలుకి, అన్నాను.
మాకు సైకిలు లేదు.

అవతల అమ్మాయి ఆగింది.
ఏదో రాసుకుంటోంది.
ఆమె ఊపిరి వినిపిస్తోంది,
నిమిషానికి పద్దెనిమిది, బాగానే ఉంది.
"ఉన్నారా, నెలిదా గారూ?"

ఉన్నాను.
ఇందాక నాలుగన్నాను కదా,
ఒకటి కలిపి రాసుకో అమ్మా.